స్టీరింగ్‌కి డ్రిల్లు తూటు చాలదు: మూడు రీమర్లు సంఘం కొనాల్సిందే

కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మీటింగులో షెడ్లు, లేతులు నడుపుకునే మేం కొందరం కలిసి ఒక చిన్న ప్రతిపాదన పెట్టాం. సంఘం డబ్బుతో మూడు టేపరు రీమర్లు కొని ఆఫీసు బీరువాలో పెట్టాలి. స్టీరింగ్ పని వచ్చిన సభ్యుడు రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకెళ్ళాలి, పని కాగానే తెచ్చివ్వాలి. అడిగింది ఇంతే. దానికి నవ్వారు. "ఉగాది ఖర్చుల లెక్క తేలలేదు, మీకు రీమర్లు కావాలా" అన్నారు. "డ్రిల్లు ఉంది కదా, తూటు వేసుకోలేరా" అన్నారు. ఒకరైతే "లేతు వాళ్ళు సంఘాన్ని టూల్ రూమ్ చేస్తున్నారు" అన్నారు. మీటింగులో అయిదు నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాం. నవ్విన వాళ్ళు కూడా పూర్తిగా చదివి, ఆ తర్వాత నవ్వండి.

మన సంఘంలో పంతుళ్ళున్నారు, మామిడి తోటల వాళ్ళున్నారు, అంగళ్ళ వాళ్ళున్నారు. వాళ్ళ కోసం ముందు విషయం చెప్తాం. మీరు స్టీరింగ్ తిప్పితే చక్రం నేరుగా తిరగదు. పాత జీపునే తీసుకోండి. స్టీరింగ్ బాక్సు కింద డ్రాప్ ఆర్మ్ ఉంటుంది. దాని నుంచి డ్రాగ్ లింక్, అక్కడి నుంచి చక్రం దగ్గరి ఆర్మ్, ఒక చక్రాన్ని ఇంకో చక్రంతో కలిపే టై రాడ్. వీటిని కలిపే ప్రతి చోటా ఒక బాల్ జాయింట్, దానికొక స్టడ్. ఆ స్టడ్ బోల్టులాగా ఒకే లావుగా ఉండదు. ఒక పక్క లావుగా మొదలై ఇంకో పక్కకి సన్నబడుతుంది. అదే టేపరు. అది కూర్చునే తూటు కూడా అదే కొలతలో సన్నబడాలి.

గొడ్డలి కామ గుర్తు తెచ్చుకోండి. కామని గొడ్డలి కంట్లో దిగ్గొడితే బిగుసుకుంటుంది, ఊడదు. అక్కడ పట్టుకునేది మేకు కాదు, ఆ సన్నబడే ఆకారమే. స్టీరింగ్ స్టడ్‌దీ అదే కథ. కింద బిగించే నట్టు స్టడ్‌ని లోపలికి లాగుతుంది, అంతే. బండి బరువునీ, గుంతల దెబ్బనీ తట్టుకునేది చుట్టూ పై నుంచి కింది వరకు అంటుకున్న ఆ టేపరు.

ఇప్పుడు అదే స్టడ్‌ని డ్రిల్లుతో వేసిన నేరు తూటులో పెట్టండి. ఏమవుతుంది? తూటు అంచులో ఒక్క ఉంగరం మేరకే తాకుతుంది. మిగతాదంతా గాలి. నట్టు ఎంత బిగించినా ఆ రోజుకి గట్టిగానే అనిపిస్తుంది. రోడ్డెక్కాక ప్రతి గుంతకీ స్టడ్ లోపల ఒక వెంట్రుక వాసి అటూ ఇటూ ఊగుతుంది. తూటు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, నట్టు వదులవుతుంది. ఇనప తీగని పదిసార్లు అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో స్టడ్ మెడ అలాగే ఒకరోజు తెగుతుంది. ఆ రోజు ఎప్పుడని డ్రైవరుకి ముందే చెప్పేవాళ్ళు ఉండరు.

"కంపెనీ బండికి ఈ గొడవ లేదు కదా" అంటారు. లేదు. అదే కంపెనీ, అదే మోడల్ పార్టు తెచ్చి వేస్తే రీమరు అక్కర్లేదు, తూటు కంపెనీలోనే టేపరుగా వస్తుంది. గొడవంతా కలగలుపు బండ్లతోనే. పాత జీపుకి ఇంకో బండి పవర్ స్టీరింగ్ బాక్సు పెట్టినప్పుడు డ్రాప్ ఆర్మ్ తూటు ఒక టేపరు, డ్రాగ్ లింక్ స్టడ్ ఇంకో టేపరు అవుతాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇంకా నడిపే వాళ్ళు దొరికిన పార్టుతో సర్దుకోవాలని చూస్తారు. కొండ దారికని జీపు ఎత్తు పెంచిన వాళ్ళు టై రాడ్‌ని ఆర్మ్ కింది నుంచి పైకి మారుస్తారు. అప్పుడు టేపరు తలకిందులు కావాలి. పాత తూటులోనే పై నుంచి రీమరు దింపితే అది డమరుకంలా అయి నడుమ సన్నటి ఉంగరం మిగులుతుంది. దానికి బాల్ వైపు కాలరున్న బుష్ బిగించి, ఆ బుష్‌లో సరైన టేపరు వేయాలి. ఇవన్నీ మన ఊళ్ళో, మన షెడ్లలో జరుగుతున్న పనులే. ధర్మపురి చుట్టుపక్కల పాత జీపు అంటే షోకు బండి కాదు. పెన్నాగరం వైపు, వత్తల్‌మలై వైపు, సిత్తేరి వైపు మనుషుల్నీ ఎరువునీ కాయల్నీ మోసే బండి.

మా షెడ్డుకి ఒక జీపు వచ్చింది. పేర్లు వద్దు, ఆ పని చేసిన షెడ్డు పేరూ వద్దు. యజమాని చెప్పింది ఒక్కటే: "నలభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది, అలైన్‌మెంట్ చూడండి." విప్పితే డ్రాప్ ఆర్మ్‌లో నేరు తూటు. స్టడ్ చుట్టూ రేకు ముక్క కత్తిరించి చుట్టారు, లూజు కనబడకుండా. రేకు నలిగి పొడి అయిపోయింది. స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట వెల్డింగ్ రాడ్ ముక్క. సంత రోజున ఆ జీపులో పిల్లా పెద్దా కలిసి ఎంతమంది ఎక్కుతారో ఆయనే చెప్పాడు. అలైన్‌మెంట్ చూడమని వచ్చిన మనిషి ఆ ఆర్మ్‌ని చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

తొప్పూరు కనుమ మనందరికీ తెలుసు. అక్కడ జరిగే పెద్ద ప్రమాదాల్లో ఎక్కువగా వినబడేది బరువు లారీల వేగం, వాటి బ్రేకులు. దాన్ని తెచ్చి స్టీరింగ్ ఖాతాలో మేం రాయడం లేదు. కానీ ఒక్క మాట ఆలోచించండి. బ్రేకు పోతే గేరుంది, హ్యాండ్ బ్రేకుంది, చివరికి కొండ వైపు గట్టుంది. స్టీరింగ్ పోతే చేతిలో ఏముంటుంది? చక్రం మాత్రం ఉంటుంది, దాని మాట వినే బండి ఉండదు.

ఇక "రీమరు దొరకదు" అనే మాట. ఇది సగం నిజం. సేలంలోనో బెంగళూరులోనో టూల్స్ అంగడికి వెళ్ళి "టేపరు రీమరు ఇవ్వండి" అంటే ఇస్తారు. ఇచ్చేది టేపరు పిన్ రీమరు. దాని టేపరు 1:50, అంటే 50 మిల్లీమీటర్ల పొడవుకి 1 మిల్లీమీటరు సన్నబడుతుంది. లేదా మోర్స్ టేపరు రీమరు ఇస్తారు, అది దాదాపు 1:20. రెండూ మంచి టూల్సే, స్టీరింగ్‌కి మాత్రం రెండూ పనికిరావు. స్టీరింగ్ స్టడ్లలో మనకి తగిలేవి ముఖ్యంగా మూడు: 1:6, 1:8, 1:10. అమెరికా మూలం బండ్లలో 1:8 ఎక్కువ, కొన్నింట్లో 1:6. యూరప్ మూలం బండ్లలో 1:10 ఎక్కువగా కనబడుతుంది. అందుకే మేం మూడు రీమర్లు అడిగింది. మూడు ఎందుకు, ఒకటి చాలదా అని అడిగిన వారికి జవాబు ఇదే.

బండి పేరు చూసి టేపరు ఊహించకూడదు. స్టడ్ కొలవాలి. టేపరు మీద మార్కరుతో 20 మిల్లీమీటర్ల ఎడంలో రెండు గీతలు గీయండి. రెండు చోట్లా వెర్నియర్ పెట్టండి. లావు తేడా 2 మిల్లీమీటర్లు వస్తే 1:10. రెండున్నర వస్తే 1:8. మూడుకి కొంచెం పైన, 3.3 దాకా వస్తే 1:6. చూశారా, 1:10కీ 1:8కీ తేడా అర మిల్లీమీటరు. కంటికి రెండూ ఒకటే. "చూస్తే సరిగ్గానే కూర్చుంది" అని బండి పంపించే వాళ్ళు ఆ అర మిల్లీమీటరు మీద ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టి పంపిస్తున్నారు.

సరైన రీమరు అంగట్లో లేకపోతే చేయించుకోవచ్చు. హోసూరు, బెంగళూరు, కోయంబత్తూరు మనకి దూరాలు కావు. అక్కడ టూల్ గ్రైండింగ్ చేసే వాళ్ళకి కాగితం మీద నాలుగు కొలతలు రాసివ్వాలి: సన్న కొస ఎంత, లావు కొస ఎంత, కోసే పొడవు ఎంత, టేపరు ఎంత. "టేపరుగా కావాలి" అని నోటితో చెప్తే వాళ్ళకి తోచింది వస్తుంది. మన లేతు వాళ్ళకైతే ఇంకో దారీ ఉంది. కాంపౌండ్ స్లైడ్‌ని 1:8కి 3 డిగ్రీల 35 నిమిషాలు, 1:10కి 2 డిగ్రీల 52 నిమిషాలు, 1:6కి 4 డిగ్రీల 46 నిమిషాలు తిప్పి పెట్టండి. ఆర్మ్‌ని ఫేస్‌ప్లేట్ మీద గట్టిగా పట్టగలిగితే నేరుగా బోరింగ్ టూల్‌తోనే టేపరు తీయవచ్చు. పట్టలేకపోతే సిల్వర్ స్టీల్ కడ్డీని అదే కోణంలో తిప్పి, సగానికి గ్రైండ్ చేసి, కాల్చి నీళ్ళు పోసి గట్టిపరిస్తే డీ-బిట్ అవుతుంది. పాతకాలపు పద్ధతే, ఒకటి రెండు తూట్లకి చక్కగా పని చేస్తుంది. ఇన్ని దారులున్న ఊళ్ళో "రీమరు దొరకలేదు కాబట్టి డ్రిల్లు వేశా" అనేది కారణం కాదు, బద్ధకం.

ఇప్పుడు మాకు వచ్చిన అభ్యంతరాలు ఒక్కొక్కటిగా తీసుకుంటాం.

మొదటిది ఖర్చు. ఒక్క షెడ్డు మూడు రీమర్లూ కొనడం బరువే, ఎందుకంటే ఏడాదికి నాలుగైదు పనులే వస్తాయి. అందుకే కదా సంఘాన్ని అడిగింది! ఊరందరి పెళ్ళిళ్ళకీ ఒక్క అండా సరిపోయినట్టు, పది షెడ్లకి ఒక్క సెట్టు చాలు. ఎవరికి వారు కొనలేనిది కలిసి కొనడానికి కాకపోతే సంఘం దేనికి? పోగొట్టినా మొండి చేసినా తీసుకెళ్ళిన వాళ్ళే కట్టాలని రాసి పెట్టండి, సంతకం పెడతాం.

రెండోది "మా తాతల నుంచి ఇలాగే చేస్తున్నాం, ఏమీ కాలేదు." తాతల మీద నింద వేయకండి. పాత మేస్త్రీలు సామాన్యంగా చేసిన పని ఏమిటి? జీపు పార్టు జీపుకి, అంబాసిడర్ పార్టు అంబాసిడర్‌కి. నాలుగు బండ్ల ముక్కలు ఒకే బండిలో కలిపే రోజులు ఇవి, మనవి. పైగా "ఏమీ కాలేదు" అని చెప్పగలిగేది బండి తిరిగొచ్చిన వాళ్ళ గురించే. తిరిగి రాని వాళ్ళు మన షెడ్డుకొచ్చి ఫిర్యాదు చేయరు.

మూడోది చదువుకున్న తమ్ముళ్ళ మాట: "రేసు కార్లలో టేపరు లేకుండా రోజ్ జాయింట్లు, నేరు బోల్టులే వాడతారు." వాడతారు, నిజమే. అక్కడ జాయింటే నేరు బోల్టు కోసం తయారైంది. తూటు బోల్టుకి సరిగ్గా సరిపోయేలా ఉంటుంది, బోల్టు హై టెన్సైల్‌ది, చాలా చోట్ల రెండు పక్కలా ఆసరా ఉంటుంది, తరచూ విప్పి చూస్తారు. మనం మాట్లాడేది టేపరు స్టడ్‌ని నేరు తూటులో తోసి, సందులో రేకు చుట్టడం గురించి. ఆ రెండింటికీ బోల్టు అనే పేరు తప్ప పోలిక లేదు తమ్ముడూ.

నాలుగోది చట్టం. "బండి మార్చడమే నేరం, సంఘం దాన్ని ప్రోత్సహించాలా" అన్నారు. ఇది బరువైన అభ్యంతరం, గౌరవంగానే జవాబిస్తాం. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది ప్రతి షెడ్డు గోడ మీదా రాసి పెట్టాలని మేమే అంటున్నాం. ఆర్‌టీవో దగ్గర అడగకుండా, కాగితం లేకుండా మార్పు పని ముట్టుకోవద్దు.

కానీ చట్టం అక్కడితో ఆగలేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన చదవండి. స్టీరింగ్ గేరు మంచి స్థితిలో ఉండాలి, చక్రం దగ్గర లూజు 30 డిగ్రీలు దాటకూడదు, లింకేజీ బాల్ జాయింట్లకి రబ్బరు క్యాపులుండాలి, బోల్టులతోనో పిన్నులతోనో బిగించిన చోట అవి లాక్ అయి ఉండాలి. మార్పు సంగతి అటుంచండి, రోడ్డు మీదున్న ప్రతి బండికీ ఇది వర్తిస్తుంది. రేకు చుట్టిన స్టడ్, వెల్డింగ్ రాడ్ ముక్క ఈ నిబంధన ముందు నిలబడతాయా? రీమరు కొంటే తప్పుడు పని పెరుగుతుందనడం, బ్లేడు మరిగించి ఇస్తే మంగలి తప్పు చేస్తాడనడం లాంటిది. రీమరు లేకపోయినా మార్పులు ఆగలేదు. డ్రిల్లుతో జరుగుతున్నాయి, అంతే తేడా.

అయిదోది మమ్మల్ని ఎక్కువ బాధ పెట్టింది: "మనది భాష కోసం పెట్టుకున్న సంఘం, స్పానర్ల కోసం కాదు." భాష దేనిలో బతుకుతుంది? ఉగాది రోజు మైకులో మాత్రమేనా? మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, షెడ్డులో రెండూ కలిపి మాట్లాడతారు. పని నేర్పేటప్పుడు "ఇలా కొలవాలి రా, ఇక్కడ ఆపాలి రా" అని పెద్దవాడు చిన్నవాడికి చెప్పే తెలుగే నిలబడే తెలుగు. ఆ పని దొంగపని అయితే ఆ తెలుగులో మనం నేర్పేది దొంగతనమే. సంఘం సభ్యుడి షెడ్డులో చేసిన స్టీరింగ్ తెగితే ఊరు ఏమంటుంది? "ఆ తెలుగోళ్ళ షెడ్డు" అంటుంది. మన పేరు పోయేది అక్కడ, నిలబడేదీ అక్కడే.

పని ఎలా చేయాలో కూడా ఒక్క పేరాలో రాస్తున్నాం, అబ్బాయిలు దాచుకోండి. ముందు స్టడ్ సన్న కొస కంటే కొంచెం చిన్న డ్రిల్లు వేయాలి. రీమరు నెమ్మదిగా తిప్పాలి, కటింగ్ ఆయిల్ పోస్తూ ఉండాలి, ఎప్పుడూ వెనక్కి తిప్పకూడదు. రెండు మూడు చుట్లకోసారి ఆపి, తుడిచి, స్టడ్ పెట్టి చూడాలి. 1:8లో ఒక్క మిల్లీమీటరు లోతు ఎక్కువైతే తూటు మిల్లీమీటరులో ఎనిమిదో వంతు పెరుగుతుంది, వెనక్కి రాదు. స్టడ్‌కి నీలం రంగు పూసి తూటులో కూర్చోబెట్టి తీస్తే రంగు చుట్టూ, పై నుంచి కింది వరకు అంటుకోవాలి. ఒక్క కొసనే అంటితే ఆ పని పనికిరాదు. కాజిల్ నట్టు సరైన టార్క్‌కి బిగించాక పిన్ తూటు కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి, వదులు చేసి కలపకూడదు. స్ప్లిట్ పిన్ కొత్తది వేయాలి. ఆర్మ్‌ని వెల్డింగ్ చేయడం, కాల్చి వంచడం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఆర్మ్ పాడైతే ఆర్మ్ మార్చాలి. తూటు లావైపోయినా అంతే.

ఇప్పుడు మా డిమాండు సూటిగా. వచ్చే మీటింగులో ఈ నాలుగూ ఓటుకి పెట్టండి. ఒకటి, 1:6, 1:8, 1:10 హెచ్‌ఎస్‌ఎస్ రీమర్లు, ఒక వెర్నియర్, ఒక నీలం డబ్బా సంఘం పేర కొనాలి. రెండు, వాటికి రిజిస్టరు ఉండాలి. ఏ బండికి, ఏ టేపరు, ఎవరు వేశారు, ఎవరు సరిచూశారు అని రాయాలి. వేసినవాడు కాకుండా ఇంకొకడు సరిచూడాలి. మూడు, షెడ్లు నడిపే సభ్యులు నేరు తూటులో టేపరు స్టడ్ పెట్టమని, స్టీరింగ్ ఆర్మ్ వెల్డింగ్ చేయమని సంతకం పెట్టాలి. నాలుగు, మాట తప్పిన వాళ్ళకి ఆ పెట్టె ఇవ్వకూడదు, సంఘం పత్రికలో వాళ్ళ షెడ్డు ప్రకటనా వేయకూడదు.

నాలుగోది కఠినంగా ఉందని ఇప్పటికే ఫోన్లు వస్తున్నాయి. ఉండాలనే రాశాం. షామియానా చిరిగితే కుట్టుకోవచ్చు, పులిహోర తక్కువైతే ఇంకో వాయి వండుకోవచ్చు. ఈ పనిలో రెండో వాయి లేదు.

షెడ్డు లేని సభ్యులకి ఒక మనవి. మీ ఇంట్లో కలగలుపు జీపో, పాత కారో ఉంటే రేపు పొద్దున కిందికి వంగి చూడండి. ఒకరు స్టీరింగ్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు ఆ జాయింట్ల మీద వేళ్ళు పెట్టండి. బండి ఇంజన్ ఆపి ఉండాలి, చేతులు చక్రం దారిలో ఉండకూడదు. తూటు దగ్గర స్టడ్ కదిలినట్టు వేలికి తెలిస్తే ఆ బండి ఇల్లు కదలకూడదు. ఏ షెడ్డు చేసిందని మేం అడగం. తూటు ఎలా ఉందో చూస్తాం.

చేతులెత్తే రోజు తప్పకుండా రండి.